పొంగలి గిన్నె కడిగిన నీళ్లు

మొన్న ఉదయం టీవీలో, ఏదో చలిదేశంలో చక్రాల ఇంట్లో కాపురముంటున్న ఒకావిడ గడ్డకట్టిన నీళ్ల గొట్టం మీద వేణ్నీళ్లు పోస్తుంటే, చేతిలోని కాఫీ చల్లారిపోయేదాకా అలా చూస్తూ ఉండిపోయాను.

మా కాపురం మొదలైందీ చక్రాల మీదే. కొండపల్లి దగ్గర మావారు మెకానిక్కుగా చేసిన చోట కాంట్రాక్టరు ఇచ్చిన రేకుల బండి గది అది. పక్కనే అలాంటిదే ఇంకొకటి, అందులో చంటిబిడ్డతో ఒక అక్కయ్య ఉండేది. రెండు గదుల వాడుక నీళ్లూ కింద ఒకే గొట్టంలోంచి పోయేవి. ధనుర్మాసం మొదలైన నాలుగో రోజు నుంచి ఆ నీళ్లు పోవడం మానేసి, నా పూజపీట దాకా వెనక్కి తన్నేవి.

బడికి వెళ్లకుండా నాన్నగారి దగ్గరే అక్షరాలు దిద్దుకుని, దేవుడి పుస్తకాలు చదువుకున్న నాకు, మనుషుల మీద అనుమానం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. తెల్లవారుతూనే ఆ అక్కయ్య మా గది కిందికి వంగి ఏదో చేసి, ఖాళీ చెంబుతో లేచి వెళ్లడం కిటికీలోంచి రెండుసార్లు చూశాను. నన్ను చూస్తే నవ్వేది. ఆ నవ్వు మీదా అనుమానమే. బిడ్డ గుడ్డపీలికలు గొట్టంలో కుక్కుతోందని తేల్చుకుని, మావారి చేత సూపర్‌వైజరుకు చెప్పించాను. ఆ సూపర్‌వైజరు అక్కయ్య వాళ్ల గది మీద ఎవరికోసమో ముందే కన్నేసి ఉన్నాడేమో, సాయంత్రానికల్లా వాళ్లను ఖాళీ చేయమన్నాడు.

అక్కయ్య నాతో పోట్లాడలేదు. గొట్టం మూతి విప్పి, తెల్లగా పేరుకున్న ముద్ద వేలితో తీసి చూపించింది.

"వాసన చూడు చెల్లాయ్, నీ పొంగలి నెయ్యేగా ఇది. రోజూ వేణ్నీళ్లు పోసి కరిగిస్తన్నా, చలికి మళ్లీ పేరుకుంటంది. దేవుడి ప్రసాదం గిన్నె ఇక్కడ కడగొద్దని నీకెట్టా చెప్పేది?"

యాలకుల వాసన ఇంకా పోలేదు. ఆ ముద్ద పట్టుకునే సూపర్‌వైజరు దగ్గరికి నడిచి, తప్పు నాదని నలుగురిలో ఒప్పుకున్నాను. వాళ్లు ఉండిపోయారు. మర్నాడు గిన్నె కడగడానికి అక్కయ్యే వేణ్నీళ్లు అందించింది. అలాంటి మనిషిని నా పక్కన ఉంచినందుకు స్వామికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఇప్పుడు విజయవాడ అపార్ట్‌మెంటులో గొట్టాలన్నీ గోడల్లోనే ఉన్నాయి. పొంగలి గిన్నె ఈనాటికీ వేణ్నీళ్లతోనే కడుగుతాను. అయినా నిన్న సింకులో నీళ్లు నిలబడితే, అలవాటు కొద్దీ ఎదురింటి తలుపు వైపు చూశాను. ఆ తలుపు వెనక ఎవరుంటారో, అనుమానించేటంత పరిచయం కూడా నాకు లేదు.