గుంటూరెళ్లిన పడవ

ఫీజు కట్టించుకుని ఏడాదైనా లైసెన్సు ఇవ్వని పడవల ఆఫీసువాళ్లే, లైసెన్సు లేదంటూ జీపులో వచ్చి నాగుల్‌మీరా పడవ తోసే గెడని లాక్కుపోయారు. కృష్ణ మధ్య లంకలో పండిన మిరప కోసేవాళ్లు లేక రాలిపోతోంది. కోత కూలీలు రేవులో చతికిలబడ్డారు. మీరా నెమ్మది మనిషి. గెడ పట్టి కాయలు కాచిన అరచేత్తో మీసం నిమిరి గాని మాట అనడు. గుంటూరు ఆఫీసుకి ఎన్నిసార్లు వెళ్లినా గుమాస్తాది ఒకటే పాట: "పడవని చూడందే సంతకం కాదు. మీ రేవుదాకా రావడానికి మాకు జీపేదయ్యా?"

మీరా మీసం నిమిరాడు. మర్నాడు పడవని ట్రాక్టరెక్కించి, కూలీలతో సహా ఆఫీసు గుమ్మంలో దింపాడు. అయ్యగారు చూస్తారు కదా అని ఆడకూలీలు చీపుళ్లు అందుకుని పడవంతా ఊడ్చారు. ఏళ్లతరబడి మిరప బస్తాలు మోసిన పడవ. చెక్కల సందుల్లోని కారం లేచి కిటికీల్లో దూరింది. లోపల ఒకటే తుమ్ములు.

"తియ్యవయ్యా బాబూ, చస్తున్నాం!" అని గుమాస్తా అరిచాడు.

"మీరు చూడందే ఎట్టా తీసేదండీ?"

గుమాస్తా కళ్లనీళ్లతోనే చూశాడు. సంతకమైంది, గెడా తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే పడవ లంకకి కదిలింది.

మొన్న రేవులో కలిసినప్పుడు కూలి కోటమ్మ అడిగింది: "వచ్చే ఏడు రెన్యువలుకి మళ్లీ ట్రాక్టరేనా బాబాయ్?"

మీరా మీసం నిమిరి, "అక్కర్లేదమ్మా. వాళ్లే రేవుకొస్తారంట. జీపు దొరికిందంట," అన్నాడు.