బీరు వాసనలో ప్రభువు బల్ల

పోయిన ఆదివారం, మేం వలసొచ్చిన ఈ దేశంలో, టకానిని అనే పేటలో మా తెలుగు క్రైస్తవ సంఘం సొంత మందిరాన్ని ప్రతిష్ఠించుకుంది. పాస్టరుగారు గుమ్మాలకు నూనె రాస్తుంటే నాకు మా మేనత్త గుర్తొచ్చి నవ్వాగలేదు. ఆవిడే ఉండి ఉంటే ముందు ఫినాయిల్ ఎక్కడని అడిగేది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో మేం శాండ్రింగ్‌హామ్ దగ్గర ఒక రగ్బీ క్లబ్బు హాలు అద్దెకు తీసుకున్నాం. శనివారం అక్కడ బీరు పారేది, ఆదివారం మేం కీర్తనలు పాడేవాళ్లం. పాటలకూ వాక్యానికీ మేనత్త ముక్కు మూసుకునైనా వచ్చేది. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ససేమిరా అనేది. గుంటూరు జిల్లాలో వాళ్ల గుడిలో బల్ల ఉందంటే ముందురోజే ఆడవాళ్లంతా చేరి నేల కడిగేవారట. మర్నాడు తెల్లచీరలు కట్టుకుని, చెప్పులు బయటే విడిచి వెళ్లేవారట. ఈ దేశం వచ్చాక ఆవిడ ఒక్కసారీ బల్లలో పాలుపొందలేదు. ఆ బెంగ ముఖంలోనే కనిపించేది, నాకు జాలేసేది.

ఆవిడ భర్త, మా మావయ్య, బైబిలు కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. తొలినాటి క్రైస్తవులకు గుడీ బలిపీఠమూ లేవనీ, ఇళ్లలోనే కూడుకునేవారనీ భోజనాల దగ్గర ఓపిగ్గా చెప్పేవాడు. క్రీస్తు ఒక్కసారే బలి అయ్యాడు కనుక ఇక మేకల రక్తంతో చోటును శుద్ధి చేసే పనిలేదనీ, దేవుడి స్తుతీ సాటి మనిషికి చేసే మేలే యాగమనీ వాళ్లు నమ్మారట. మేనత్త పప్పు వడ్డిస్తూ అంతా వినేది.

"అదంతా నిజమేనండీ. మరి ఆ నేలకి ఎవరు చెప్తారు?" అనేది.

ఒక ఈస్టరు ఉదయం ఆవిడే ఓ దారి కనిపెట్టింది. ఆరాధనకు ముందే వెళ్లి హాలు కడగడం మొదలుపెట్టింది, నేను బకెట్లు మోశాను. సగం నేల కడిగాక ఈ దేశస్థురాలే, ఒక కివీ పెద్దావిడ లోపలికొచ్చింది. ముందురోజు క్లబ్బువాళ్లు తాగింది చనిపోయిన ఆవిడ భర్తను తలుచుకుని. ఆయన అక్కడ పాత ఆటగాడట. అక్కడ మరచిపోయిన భర్త ఫొటో తీసుకెళ్దామని వచ్చి, దాన్ని చేతిలోకి తీసుకోగానే కూలబడి ఏడ్చింది.

మేనత్త మాప్ వదిలేసి, ఆ జిగట నేల మీదే తెల్లచీరతో పక్కన కూర్చుంది. ఇంగ్లీషు అంతంతమాత్రం కనుక చెయ్యి పట్టుకుని తెలుగులోనే ప్రార్థన చేసింది. చివర్లో పెద్దావిడ ఆమెన్ అంది. ఈలోగా మావాళ్లంతా వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. పెద్దావిడ వెళ్లాక, మిగతా సగం కడగడానికి మావయ్య మాప్ అందుకున్నాడు.

"వద్దండీ. ఆవిడ ఏడ్చిన చోటు కడక్కండి. బల్ల ఇక్కడే వేయించండి," అంది మేనత్త.

మరకల చీరతోనే అందరికన్నా ముందు వెళ్లి రొట్టె అందుకుంది. ఆరాధన బాగా ఆలస్యమైందని ఆ రోజు కొందరు గొణిగారు. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే, అది సరిగ్గా వేళకే మొదలైందనిపిస్తుంది.