నా చావుకు తమ్ముడి సెలవు

నేను ఒకసారి చచ్చాను. దేశానికి రవ్వంత నష్టం జరగలేదు గానీ, మా ఇంట్లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది.

కరోనా రోజుల్లో ఎవరూ ముట్టని శవాలను తన ఆటోలో మోసి, చివరికి తానే బలైపోయిన ఒక డ్రైవరు కథను లఘుచిత్రంగా తీయబూనాను. ఉట్నూర్ అవతల, ఫోను సిగ్నల్ అందని అడవి పల్లెలో షూటింగు. పాడె మీద పడుకోవడానికి ఒక్క మగాడూ ఒప్పుకోలేదు. "మూఢులారా!" అని గర్జించి నేనే పడుకున్నాను. పక్కన ఏడ్వడానికి నా భార్య లక్ష్మి. కాపురమంతా దాచుకున్న కన్నీళ్లను ఆ ఒక్క షాట్‌లో ఖర్చుపెట్టేసింది.

షాట్ అయ్యాక కెమెరా రాజేశం నసిగాడు. "సార్, శవం ఏషం ఏసినోళ్లు ఆఖరుకు కెమెరా దిక్కు సూసి నవ్వాలె. కీడు పోతదంటరు."

"త్యాగమూర్తి ఇకిలిస్తాడా? ఏ శాస్త్రంలో ఉందయ్యా?"

"శాస్త్రం నాకు తెల్వది సార్. జర నవ్వుండ్రి, పోయేదేమున్నది?"

పోయేదేమిటో అప్పుడు నాకూ తెలియదు. పాడె మీదినుంచే మూఢనమ్మకాలపై అరగంట దంచాను. బతికున్నవాళ్ల ఉపన్యాసమైతే మధ్యలో లేచిపోవచ్చు. శవాన్ని వదిలి రాజేశం ఎలా పోతాడు, పాపం?

సాయంత్రం బ్యాటరీల చార్జింగుకు ఉట్నూర్ పోయిన రాజేశం, పాడె మీద నవ్వులేని నేను, పక్కన ఏడుస్తున్న లక్ష్మి ఉన్న ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. కింద ఒక ముక్క: "త్యాగజీవికి జోహార్." సినిమాకు ప్రచారమట!

షూటింగు ముగించి బోథ్‌లో ఇల్లు చేరి చాయ్ తాగుతుంటే, వాకిట్లో జీపు ఆగింది. మస్కట్‌లో ఉండాల్సిన నా తమ్ముడు పోశెట్టి గుండెలు బాదుకుంటూ దిగాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. బతికున్న నా కళ్లు చేటలయ్యాయి.

"అన్నా... నువ్వు సావలేదా?"

"లేదురా. సినిమా."

"రాజేశం స్టేటస్ ఫొటోల వదినె గట్ల ఏడుస్తుండె! ఎన్నిసార్లు చేసినా ఇద్దరి ఫోన్లు కలవకపాయె!" అరుగు మీద కూలబడ్డాడు. "బిడ్డ పెండ్లికని దాసుకున్న సెలవన్నా! నీ సావుకు వెట్టిన. మల్ల ఇయ్యరు."

లోపలినుంచి లక్ష్మి అందుకుంది. "జర నవ్వితే నీ సిద్ధాంతం అరిగిపోతుండెనా?"

ముహూర్తం మార్చడానికి వియ్యాలవారు ఒప్పుకోలేదు. పోశెట్టి తిరిగి వెళ్లిపోయాడు. ఇక కన్యాదానానికి పీటల మీద ఎవరు కూర్చోవాలి? ఆడపిల్లేమన్నా వస్తువా దానమివ్వడానికి అని జిల్లా అంతా తిరిగి గొంతు చించుకున్న నేనే కూర్చున్నాను. పెళ్లికొడుకు కాళ్లు కడిగాను. ఎదురుగా ఎవరో పట్టుకున్న ఫోనులోంచి, మస్కట్ నుంచి తమ్ముడి అరుపు:

"అన్నా, అయ్యగారు చెప్పిన మంత్రం జర గట్టిగ అను! ఈడికి ఇనవడ్తలే!"

దేవుడి మీద ఒట్టు వేయలేను గనక, రాజ్యాంగం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నిజంగానే చావవలసి వచ్చినా సరే, తమ్ముడికి ఫోను చేసి, సెలవు మిగిలుందో లేదో కనుక్కోకుండా చావను.