మా తోడికోడలు తిన్న బలపాలు

మొన్న మా తోడికోడలి బిడ్డ విమానాశ్రయంలో డ్యూటీ దిగివచ్చి, మెడలో కార్డు కూడా తీయకుండా ఫ్రిజ్ ముందు నిలబడి ఐసు ముక్కలు పటపటా నములుతుంటే చేతిలో పని వదిలేసి దగ్గరికి పోయి దాని మొహంలోకి చూశాను. దానికిప్పుడు అయిదో నెల. "ఏంది పెద్దమ్మా గట్ల చూస్తున్నవ్, ఐసుకు గూడ లెక్క చెప్పాల్నా" అని నవ్వింది. దాని కింది రెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోట కాగితంలా ఉంది. మెత్తగా మాట్లాడడం నాకెప్పుడూ చేతకాలేదు. "రేపు డ్యూటీ బంద్ వెట్టు. దవాఖానకు పోతున్నం" అన్నాను.

దాని కన్నతల్లి, అంటే నా మరిది భార్య, మంఖాల్ దగ్గరి మా ఊరికి కోడలుగా వచ్చిన ఏడాదే నేను అక్షరాలు మొదలుపెట్టాను. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక బడి వరండాలో కూర్చుని, కలుపు తీసిన చేతులతో 'అ' దిద్దుతుంటే సిగ్గుతో చెమటలు పట్టేవి, నా ఈడు వాళ్ళలో అలా నేర్చుకున్నవాళ్ళకు అది చెప్పనక్కర్లేదు. పలక గూట్లోనే ఉండేది, బలపాలు మాత్రం మాయమయ్యేవి. పిల్లలను అనుమానించి కొట్టాను కూడా. ఒకనాడు గడ్డివాము వెనక, ఏడు నెలల కడుపుతో, పెదవుల మీద తెల్లపొడితో తోడికోడలే దొరికింది. "నేను నాలుగు అక్షరాలు నేర్సుకుంటే నీకు గంత కడుపుమంటనా, దొంగదానా" అన్నాను. "తినకుంటే పానం కొట్టుకుంటదక్కా" అని తల వంచుకుంది.

ఆ రోజుల్లో కడుపుతో ఉన్న పిల్ల పాలిపోతే రంగు వచ్చిందని మురిసేవాళ్ళం. బిందె దించి ఆయాసపడితే కాన్పు దగ్గరికొచ్చిందనేవాళ్ళం. మగవాళ్ళూ పిల్లలూ తిన్నాక అడుగున మిగిలిందే ఆమె వంతు. అది తప్పని నాకూ తోచలేదు, నేనూ అలాగే తిని ఇద్దరిని కన్నదాన్ని కదా.

నర్సమ్మ మా వాడకు వచ్చినప్పుడు నవ్వులాటకు ఈ బలపాల సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. తోడికోడలి రెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది, నాలుక చాపమంది. "ఒంట్లె రక్తం లేనోళ్ళకే గిట్ల బలపం, మన్ను తినబుద్ధయితదమ్మా. రేపే మహేశ్వరం దవాఖానకు తోల్కపోండ్రి" అని చీటీ రాసి నా చేతిలో పెట్టింది.

ఆ చీటీని కూడబలుక్కుని చదివాను. బడి బయట నేను సొంతంగా చదివిన మొదటి కాగితం అదే. 'రక్త పరీక్ష' అని ఉంది. చదవగలిగానన్న సంబరంతో వాడకట్టంతా చూపించి, తెచ్చి గూట్లో పెట్టాను. కందికోతలు నడుస్తున్నాయి, అయ్యాక పోదామనుకున్నాం. పదిహేను రోజులకు పోతే, రక్తం బాగా తక్కువుంది, పట్నంలో ఎక్కించాలి అన్నారు. బయలుదేరేలోపే నొప్పులు వచ్చాయి. బిడ్డ పుట్టింది, తల్లికి రక్తం ఆగలేదు. జీపు పట్నం పొలిమేరలోని కాటేదాన్ చేరకముందే నా ఒళ్ళో ఆమె చెయ్యి చల్లబడింది.

ఆ బిడ్డే ఇది. పరీక్షలో నేను అనుకున్నదే తేలింది, రక్తం తక్కువ; ఐసు నమలబుద్ధి కావడమూ దానివల్లేనట. ముందుగానే వచ్చారు, మందులు సక్కగా వాడితే భయం లేదన్నది డాక్టరమ్మ. అయినా దీనికి కాన్పు అయ్యేదాకా నాకు నిద్ర పట్టదు.

ఇన్నేళ్ళూ అడిగినవాళ్ళకల్లా దవాఖానకు పోకుండా మా అత్త అడ్డం పడిందనే చెప్పాను, బిడ్డకూ అదే చెప్పాను. అత్త పోయి చాలా కాలమైంది, కాదనేవాళ్ళు లేరు. నిజానికి అత్త ఏమీ అనలేదు, ఆమెకు ఆ చీటీ చదవడం రాదు. ఇప్పుడు మా ఇంటి నుంచి దవాఖానకు ఆటోలో పావుగంట పడుతోంది, అప్పుడు దారీ లేదు, బండ్లూ లేవు అని మా ఈడు వాళ్ళం చెప్పుకుంటుంటాం. ఎడ్లబండి మీద పోయి రావడానికి అప్పుడైనా పట్టేది ఒక్క పూటే.