ఎవరి గొంతూ గుర్తుపట్టని వదిన

మా వదిన చెవుల గురించి చెబితే నన్ను కోతలరాయుడంటారు. అనండి. మెట్ల మీద చెప్పుల చప్పుడు విని, వచ్చేది ఎవరో, వాళ్లింట్లో ఆ పూట ఎవరికి ఎవరితో చెడిందో కూడా చెప్పేస్తుంది. ఒకసారి రాంగ్ నంబర్ చేసినవాడితో, "బాబూ, నీకు ఎడమ ముక్కు పూర్తిగా మూసుకుపోయింది, ఆవిరి పట్టు" అని పెట్టేసింది. వాడు మర్నాడు మళ్లీ ఫోన్ చేసి తగ్గిందన్నాడు. ఇది అబద్ధమైతే నేను మధ్యలో వదిలేసిన తొమ్మిదో క్లాసుకి రేపే వెళ్లి ముందు బెంచీలో కూర్చుంటాను.

అలాంటి మనిషికి ఓ పెద్ద ఆస్పత్రి కంపెనీలో ఫోను వినే ఉద్యోగం దొరికింది. లోపల ఎక్కడైనా తప్పు జరుగుతుంటే, అక్కడ పనిచేసేవాళ్లు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసుకోవడానికి కంపెనీ ఒక ఫోను పెట్టింది. లిఫ్టు పక్కన, క్యాంటీన్లో, చివరికి బాత్రూం తలుపుల మీద కూడా ఆ నంబరు అంటించారు. దుప్పట్లు ఇస్త్రీ చేసే గది పక్కన కిటికీ లేని గదిలో కూర్చుని ఆ ఫోను ఎత్తేది వదిన. పేరు అడగకూడదు. గొంతు తెలిసినా తెలియనట్టే ఉండాలి. విన్నది నేరుగా హెడ్డాఫీసులో తప్పొప్పులు విచారించే ఎథిక్స్ కమిటీకి పంపాలి తప్ప ఆస్పత్రిలో ఎవరికీ చెప్పకూడదు, డైరెక్టరుకైనా సరే.

నేను ఊరుకుంటానా? "వదినా, ఇవాళ ఎవరు ఎవరి మీద చెప్పారు?" అనేవాణ్ణి రోజూ.

"నీ మీదే మరిదీ. పనీపాటా లేకుండా తిరుగుతున్నావని."

అదే ఆస్పత్రిలో గుండె చికిత్స గదిలో మా అక్క నర్సు. మొగుడితో మా కింది వాటాలో ఉంటుంది. ఒక మధ్యాహ్నం అక్క, నర్సులు బట్టలు మార్చుకునే గదిలో గడియ పెట్టుకుని, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఆ నంబరుకి ఫోన్ చేసింది.

"ఒకసారి వాడి పారెయ్యాల్సిన గొట్టాలు కడిగి ఇంకో పేషెంటుకి పెడుతున్నారండీ. మొన్న ఒకాయనకి వణుకుతో జ్వరం వచ్చేసింది. బిల్లు మాత్రం కొత్త గొట్టానికే వేస్తున్నారు."

"చెప్పండి. ఎవరు కడగమన్నారు?" అంది వదిన.

"పొద్దున్నే నా టిఫిన్ డబ్బా మూత సరిగ్గా పెట్టలేదని నన్ను తిట్టిన మనిషిరా, 'అండీ' అని మాట్లాడింది," అని తర్వాత అక్క నాతో చెప్పింది. "గొంతులో వీసమెత్తు తేడా లేదు. ఒక్కసారి మాత్రం అవతల ఊపిరి ఆగినట్టనిపించింది."

అక్క ఆ మాట కూడా తలుపు మూసి, గుసగుసగా చెప్పింది. ఎందుకంటే హెడ్డాఫీసు కమిటీ వచ్చేవారం వస్తోందని డైరెక్టరుకి కబురందింది. ఆయన్ని నర్సులు దూది సారు అంటారు. మాట అంత మెత్తన, పక్కనే సూది ఉంటుంది. "కమిటీ వచ్చేలోపు ఫోన్ చేసింది నేనని ఆయనకి తెలిస్తే ఉద్యోగం ఊడటం కాదురా, ఆయన కడిగించిన గొట్టాల్ని నేనే కడిగానని నా మీదే రాసేస్తారు. ఇంక ఏ ఆస్పత్రీ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు."

దూది సారు ఎవరినీ పిలిచి అడగలేదు. గుండె గదిలో పనిచేసేవాళ్లందరినీ మీటింగు హాల్లో వరుసగా నిలబెట్టి, ఫోన్లో మర్యాదగా మాట్లాడటం నేర్పిస్తామన్నాడు. నేర్పేది వదినేనట. ఒక్కొక్కరూ ఒకే వాక్యం చదవాలి: "నమస్కారమండీ, ఒక విషయం మీ దృష్టికి తేవాలి." వదిన వాళ్లకి ఎదురుగా కూర్చుంది. దూది సారు మాత్రం కుర్చీ తిప్పుకుని వదినకి ఎదురుగా కూర్చున్నాడు, ఆమె మొహం కనిపించేలా. అక్కకి అప్పుడర్థమైంది, ఇది ఎవరికి పెట్టిన పరీక్షో.

హెడ్ నర్సు చదివింది. వదిన ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకుంది. సారు పెన్ను కదిలింది. తర్వాత బొంగురు గొంతు టెక్నీషియన్ చదివాడు. వదిన చేతిలో మంచినీళ్ల గ్లాసు జారింది. సారు పెన్ను మళ్లీ కదిలింది. మూడో మనిషి చదివితే వదిన నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

అక్క వంతు వచ్చింది. "నమస్కారమండీ" అనేసరికే మాట చీలిపోయింది. మిగతాది ఎలా పూర్తిచేసిందో దానికే తెలియదు. వదిన మళ్లీ గుండె మీద చెయ్యి వేసుకుని, మళ్లీ నోరు తెరిచింది.

"అంత చెత్త నటన నేను జన్మలో చూడలేదురా," అంది అక్క.

వరుస పూర్తయ్యేసరికి సారు పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "ఏంటమ్మా ఇది?"

"దడ సార్. ఎవరు మాట్లాడినా వస్తోంది."

"వీళ్లలో మీరు విన్న గొంతు ఏది?"

"భయపడి మాట్లాడితే అందరి గొంతూ ఒకేలా ఉంటుంది సార్. ఇవాళ అందరూ భయపడుతున్నారు."

"మీ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది. తెలుసుగా?"

"తెలుసు సార్."

దూది సారు తల తిప్పి అక్క వైపు చూశాడు. తర్వాత ఇంకా మెత్తగా, "మీ ఆడపడుచు కూడా ఈ గదిలోనే ఉంది కదా?" అన్నాడు.

అక్క గోడకి ఆనుకుంది.

"ఉంది సార్," అంది వదిన. "ఆవిడకి ఫోనెందుకు? కింది వాటాలో మొగుణ్ణి కేకేస్తే పై వాటాలో మాకు సీలింగు పెచ్చులు రాలతాయి."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వరుసంతా నవ్వింది. ఆ నవ్వులో అక్క కూడా కలిసింది, నవ్వకపోతే ఏడ్చేసేది. దూది సారు కుర్చీ వెనక్కి నెట్టి లేచి వెళ్లిపోయాడు.

కమిటీ వచ్చింది. కడిగి ఆరబెట్టిన గొట్టాలు ట్రేలతో సహా పట్టుకుపోయింది. జ్వరం వచ్చినాయనకి వైద్యం ఖర్చంతా కంపెనీ పెట్టుకుంది. దూది సారుని పొడుగాటి సెలవు మీద పంపించారు. అక్క ఉద్యోగం అక్కడే ఉంది. వదినది మాత్రం నెలాఖరున పోయింది. కాంట్రాక్టు పొడిగించొద్దన్న కాగితం మీద సారు వెళ్లేముందే సంతకం పెట్టేశాడు, తర్వాతెవరూ దాన్ని రద్దు చెయ్యలేదు. కంపెనీ మాత్రం బాత్రూం తలుపులకి ఆ ఫోను నంబరుతో కొత్త పోస్టర్లు అంటించింది. వదిన ఇప్పుడొక కంటి క్లినిక్‌లో పేషెంట్లని పేరు పెట్టి పిలుస్తోంది.

మొన్నొక ఆదివారం వదిన డాబా మీద ఆరిన బట్టలు మడతపెడుతుంటే అక్క పైకొచ్చింది. నేను నీళ్ల ట్యాంకు వెనకున్నాను, అనుకోకుండానే అనుకోండి.

"వదినా, ఇప్పుడు నీకు ఆ రూలూ లేదు, ఆ ఉద్యోగమూ లేదు. నిజం చెప్పు. నేను ఫోన్ చేసినప్పుడు, నేనని నీకు తెలిసిందా?"

"నువ్వు ఫోన్ చేశావా?" అంది వదిన. "ఎవరికి?"

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. వదిన దుప్పటి కొస ఒకటి దాని చేతికిచ్చింది.

"పట్టుకో. ఒక్కదాన్నే మడవలేకపోతున్నా."