గేదె ఎవరిది, గొయ్యి ఎవరిది

పామర్రులో బస్సు దిగి కాలవ వెంట చాలా దూరం నడిస్తే మా అత్తగారి పల్లె వచ్చేది. పల్లె అని మేమే అనుకునేవాళ్లం. తూర్పున ఒక పంచాయితీ, పడమట ఇంకొకటి. మంచినీళ్ల కాలవకూ మురుగు కాలవకూ నడుమ సన్నటి గట్టు మీద మా తాటాకిళ్లు, పెంకులు కప్పిన చిన్న చర్చి. రెండు పంచాయితీల్లో ఏదీ మమ్మల్ని తనవాళ్లనలేదు.

"కాలవ తవ్వడానికి పలుగూ పారా పట్టుకుని వచ్చారమ్మా మా తాతలు," అని అత్తయ్య చెప్పేది. "పనయిపోయాక పొమ్మన్నారు. ఎక్కడికి పోతారు? తవ్విపోసిన మట్టి మీదే గుడిసెలేసుకున్నారు."

బెజవాడలో కుళాయి నీళ్లు తాగి పెరిగినదాన్ని. డెబ్బైల మొదట్లో, పెళ్లయిన తొలి ఏడాది, వేసవి తర్వాత కాలవకు నీళ్లు వదిలారని సంబరంగా బిందె తీసుకుని రేవుకు వెళ్లాను. వంతెన తూములో చచ్చిన గేదె ఇరుక్కుని ఉంది. పొట్ట ఉబ్బి, కళ్ల నిండా ఈగలు. దాన్ని ఒరుసుకుంటూ వచ్చే నీళ్లే మా తాగునీళ్లు. బిందె అక్కడే వదిలేసి వచ్చాను.

మా ఆయన తూర్పు ఊరి ప్రెసిడెంటు దగ్గరికి వెళ్లాడు. ఆయన అరుగు మీద కాఫీ తాగుతూ, "కాలవ మాది కాదయ్యా, అవతలివాళ్లనడుగు," అన్నాడట. అవతలాయన మనిషిని పంపాడు. ఆ మనిషి వెదురు గడతో కళేబరాన్ని తూర్పు ఒడ్డుకు నెట్టి చేతులు కడుక్కుని పోయాడు. మర్నాడు తూర్పువాళ్లు వచ్చి పడమటికి నెట్టారు. నెట్టి, నవ్వుకున్నారు కూడా. మూడోసారి గడ గుచ్చుకుని పొట్ట పగిలింది. ఆ కంపు అన్నంలోకి, తలగుడ్డలోకి, చంటిపిల్లల ఒంట్లోకి పాకింది. మరిగించిన నీళ్లు తాగినా పిల్లలకు వాంతులు ఆగలేదు.

ఇక మావాళ్లే ముక్కులకు గుడ్డలు కట్టుకుని, మోకులు వేసి, ఎడ్లతో లాగి, గట్టు దిగువన గొయ్యి తీసి పూడ్చారు. పైన సున్నం చల్లారు. మా ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు రెండు ఊళ్ల కరణాలూ వచ్చారు, భూమి కొలిచే గొలుసు పట్టుకుని.

"ఎవర్నడిగి పూడ్చారు? ఇది మా ఊరి పోరంబోకు," అన్నాడు ఒకాయన.

"మీదేంటండీ, మాది! జరిమానా వేయాల్సింది మేము," అన్నాడు రెండో ఆయన.

ఇద్దరూ ఆ గొయ్యి మీదే నిలబడి, ముక్కులు మూసుకుని వాదించుకున్నారు. వాళ్ల ఇస్త్రీ చొక్కాలు చూస్తుంటే నాకు గేదెను చూసినప్పటికంటే ఎక్కువ అసహ్యం వేసింది.

అత్తయ్య పార తెచ్చి వాళ్ల ముందు పడేసింది. "స్థలం మీదే అయితే, అందులో ఉన్నదీ మీదేనండీ. తవ్వుకుపోండి బాబూ."

ఇద్దరూ గొలుసు చుట్టుకుని, చెరో దారి పట్టారు. జరిమానా మాట మళ్లీ ఎత్తలేదు.

బోరింగు పంపు కోసం మా ఆయన ఆ ఏడంతా రెండు ఆఫీసులకూ తిరిగాడు. చివరికి పల్లెవాళ్లమే చర్చి వెనకాల బావి తవ్వుకున్నాం. నీళ్లు ఉప్పగా పడ్డాయి. గిన్నెలు తోముకోవడానికి పనికొచ్చాయి. తాగడానికి మళ్లీ కాలవకే వెళ్లాం.