పేరుపాలెం సముద్రంలో బాతు

హన్నమ్మ పుట్టింది కొల్లేటి లంకలో. పెళ్ళయి ఏలూరు వచ్చాక పవర్‌పేటలో ఇడ్లీ కొట్టు పెట్టి ముప్పై ఏళ్ళయింది. సముద్రం ఆమె ఎన్నడూ చూడలేదు. చూసిందల్లా కొట్టు గోడ మీద బొమ్మలోనే.

ఆ బొమ్మ వేసింది ఫణికిరణ్. పాతికేళ్ళ క్రితం కొట్టు మీద గదిలో అద్దెకుండేవాడు. పేరుపాలెం బీచికి బస్సులో వెళ్ళి, రెండ్రోజులు ఎండలో కూర్చుని, ఇసుకా అలలూ ఆకాశమూ పోస్టర్ రంగులతో వేసుకొచ్చాడు. గది ఖాళీ చేసేటప్పుడు దాన్ని హన్నమ్మకిచ్చి వెళ్ళాడు. తర్వాత హైదరాబాదులో పెద్ద ఆర్టిస్టయ్యాడు. ఇప్పుడు గీతలే గీస్తాడు తప్ప బొమ్మలు వెయ్యడని పేరు.

మొన్న వేసవిలో అతని తొలి చిత్రాలతో ప్రదర్శన పెట్టాలని గ్యాలరీ నడిపే గీతాంజలి అతన్ని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చింది. బొమ్మ ముందు నిలబడి ఊపిరి బిగబట్టింది.

"సార్! ఇంత సముద్రంలో ఒకే ఒక్క తెల్లబాతు! మీ ఒంటరితనమంతా అప్పుడే ఇందులో పెట్టేశారు!"

ఫణికిరణ్ బాతు వంక చూశాడు. ఎంత ఆలోచించినా దాన్ని వేసిన గుర్తు రాలేదు. అయినా గడ్డం నిమురుకుని, "అవునండీ. అప్పట్లో నా మనసలా ఉండేది" అన్నాడు.

హన్నమ్మ చట్నీ వడ్డిస్తూ ఇదంతా వింది. అంత పేరున్న మనిషిని పదిమందిలో చిన్నబుచ్చడమెందుకని ఊరుకుంది. కానీ గీతాంజలి "ఆ మెడ ఒంపు చూడండి, ఎంత దుఃఖమో!" అనేసరికి ఇక ఆగలేకపోయింది.

"దుఃఖం కాదండీ, లారీ హారన్‌కి చెయ్యి జారిందండి. ఆ బాతు నేనేసిందండి."

ఇడ్లీలు తినేవాళ్ళు తినడం ఆపారు.

"మీరా! ఎందుకండీ?" అంది గీతాంజలి.

"అన్ని నీళ్ళుండి ఒక్క బాతైనా లేకపోతే ఏం బావుంటుందండీ? కొట్టు బోర్డు రాయించగా మిగిలిన ఎనామిల్ రంగు ఉంటే వేసేశాను. ఏమీ అనుకోకండి బాబూ."

ఫణికిరణ్ చెవులు ఎర్రబడ్డాయి. తుడిచేస్తే పోతుందంటూ గీతాంజలి బ్యాగులోని దూది తీసుకుని తడిపి బాతు మీద రుద్దాడు. నీళ్ళకి కరిగే పోస్టర్ రంగు కదా, చుట్టూ ఉన్న సముద్రం దూదికంటుకుని వచ్చేసింది. బాతు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఆపండి బాబూ! ఈదడానికి దానికి కాసిని నీళ్ళయినా ఉంచండి!" అని హన్నమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

నీలం దూది చేతిలో పట్టుకుని ఫణికిరణ్ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. "నాకసలు బాతు వెయ్యడం రాదు పిన్నిగారూ" అని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

బొమ్మ ఇద్దరి పేర్లతోనూ ప్రదర్శనకి వెళ్ళింది. దాని బదులు గోడకి తగిలించుకోమని ఫణికిరణ్ తన కొత్త చిత్రం పంపాడు. తెల్లటి కాన్వాసు మీద మూడు నీలం గీతలు, అంతే. హన్నమ్మ రెండ్రోజులు చూసి ఫోన్ చేసింది.

"బాబూ, ఇది అవకుండానే పంపించేశారండి."

"అయిపోయిందండీ పిన్నిగారూ. అదంతే."

"సరేలెండి, తొందరేం లేదు" అంది హన్నమ్మ ఓదార్పుగా. "తీరికున్నప్పుడే వచ్చి మిగతాది వేద్దురుగాని."